అలబామా నల్లరేగడి: దయగల వకీలు కథా, ఓటడిగిన కూలీల కథా?

అమెరికా దక్షిణాది గురించి ఏం చదివారని ఇంగ్లీషు ఎం.ఏ. చేసిన మన పిల్లల్ని అడిగితే చాలామంది చెప్పేది ఒక్క నవల పేరే. హార్పర్ లీ రాసిన 'టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్'. అందులో అలబామా రాష్ట్రంలోని ఒక చిన్న ఊరు, ఒక కోర్టు, ఒక మంచి తెల్ల వకీలు, తప్పుడు కేసులో ఇరుక్కున్న ఒక నల్ల కూలీ ఉంటారు. కూలీ చచ్చిపోతాడు. కేసు ఓడిపోయిన వకీలు మాత్రం మహానుభావుడిగా మిగిలిపోతాడు. పరీక్షలో ఆ వకీలు మానవతా దృక్పథం గురించి వ్యాసం రాయమంటారు. ఆ కోర్టులో జ్యూరీ కుర్చీల్లో ఒక్క నల్లమనిషి కూడా ఎందుకు కూర్చోలేదో రాయమని ఎవరూ అడగరు.

ఆ ప్రశ్న అడక్కుండా అలబామా సాహిత్యాన్ని చదివితే సగమే చదివినట్టని నా వాదన. పీడితుల మీద జాలితో రాసిన సాహిత్యానికీ, పీడితులు తమ బతుకును తాము చెప్పుకున్న సాహిత్యానికీ తేడా ఏమిటని తెలుగులో దళిత కవులు, విమర్శకులు చాలాకాలంగా వాదిస్తూనే ఉన్నారు. మన కథల మీద పెట్టిన ఆ గీటురాయిని పరాయిదేశపు పుస్తకాల మీద ఎందుకు పెట్టం? ఇంగ్లీషులో ఉంటే చాలు, సానుభూతి కూడా విప్లవంలా కనపడుతుందా?

నవల జోలికి పోకముందు నేల సంగతి చెప్పుకోవాలి. అలబామాలో 67 కౌంటీలున్నాయి. కౌంటీ అంటే షెరీఫు, పన్నులు మదింపు చేసే అధికారి, కోర్టు అన్నీ స్థానికంగా ఉండే పాలనా విభాగం. ఉత్తరాన టెనెసీ నది లోయ, దాని కింద అపలాచియన్ కొండలు, బొగ్గూ ఇనుమూ దొరికే బర్మింగ్‌హామ్, దక్షిణం కొసన మొబీల్ రేవు. మధ్యలో రాష్ట్రానికి అడ్డంగా నడికట్టు కట్టినట్టు ఒక నల్లమట్టి పట్టీ. దాన్నే బ్లాక్ బెల్ట్ అంటారు. కోట్ల ఏళ్ళ కింద సముద్రం ఉన్న చోట సుద్దరాయి పేరుకుంది. దాని మీద ఏర్పడిన బంకమట్టి అది. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. మన నల్లరేగడి ఎట్లాంటిదో తెలిసినవాళ్ళకు ఆ నేల గుణం వేరే చెప్పనక్కర్లేదు. పత్తికి పెట్టింది పేరు.

ఆ పత్తి కోసమే 1814 ఒప్పందంతో క్రీక్ ఆదివాసుల దగ్గర 2 కోట్ల 30 లక్షల ఎకరాల దాకా లాక్కున్నారు. 1830లలో మిగిలినవాళ్ళను మిసిసిపీ నది అవతలికి తరిమారు. ఖాళీ చేయించిన నేల దున్నడానికి వర్జీనియా వంటి పాత రాష్ట్రాల నుంచి బానిసల్ని సంకెళ్ళేసి తోలుకొచ్చారు. 1860 జనాభా లెక్కల ప్రకారం అలబామాలో 9,64,201 మంది ఉంటే అందులో 4,35,080 మంది బానిసలు. అంటే నూటికి 45 మంది ఇంకొకరి ఆస్తి. 1861లో బానిసత్వం కోసం విడిపోయిన దక్షిణాది రాష్ట్రాలు తమ తొలి రాజధాని పెట్టుకున్నది ఈ పట్టీలోని మాంట్‌గోమరిలోనే. 'బ్లాక్ బెల్ట్' అనే మాట మొదట మట్టి రంగును బట్టి వచ్చిందనీ, తర్వాత నల్లవాళ్ళు ఎక్కువగా ఉండే కౌంటీలకు గుర్తయిందనీ బుకర్ టి. వాషింగ్టన్ 1901లో తన ఆత్మకథలో రాశాడు. మట్టికి పెట్టిన పేరే మనుషుల పేరయింది. మన మాలపల్లెలు, మాదిగవాడలు ఊళ్ళో ఏ దిక్కున ఉంటాయో చూస్తే భూగోళంలో కూడా రాజకీయం ఉందని తెలుస్తుంది గదా. అక్కడా అంతే.

బానిసత్వం పోయాక నల్ల మగవాళ్ళకు ఓటొచ్చింది. 1890లలో కొండప్రాంతపు పేద తెల్ల రైతులు అప్పుల బాధతో పాపులిస్టు రాజకీయాల వైపు తిరిగి, నల్ల ఓటర్ల మద్దతు కూడగట్టబోయారు. బ్లాక్ బెల్ట్ దొరలు తమ కౌంటీల్లోని నల్లవాళ్ళ ఓట్లను దొంగలెక్కల్లో తమకే రాసుకుని వాళ్ళను ఓడించారు. ఆ తర్వాత 'ఎన్నికల్లో మోసాలు ఆగాలంటే నల్లవాడికి ఓటే లేకుండా చెయ్యాలి' అని వాదించారు. దొంగతనం చేసినవాడే దొంగతనం ఆపడానికి ఇంటాయన్ని వెళ్ళగొట్టాలన్నాడన్న మాట! అట్లా పుట్టిందే 1901 రాజ్యాంగం. దాన్ని రాసిన సభకు అధ్యక్షుడు జాన్ నాక్స్. ఈ రాష్ట్రంలో తెల్లవాళ్ళ ఆధిపత్యాన్ని చట్టబద్ధంగా నిలబెట్టడమే తమ పని అని అతను ప్రారంభోపన్యాసంలోనే దాపరికం లేకుండా చెప్పాడు.

ఓటు కావాలంటే చదువొచ్చి ఉండాలి, లేదంటే 40 ఎకరాల భూమో 300 డాలర్ల ఆస్తో చూపాలి. ఏడాదికి డాలరున్నర ఓటు పన్ను కట్టాలి. కట్టకపోతే బాకీ పేరుకుంటూ 36 డాలర్ల దాకా పోతుంది. పత్తి చేలో పాలుకు చేసేవాడు ఆ డబ్బు ఎక్కణ్ణుంచి తెస్తాడు? 1900లో ఓటు వయసున్న నల్ల మగవాళ్ళు 1,80,000 మందికి పైనే. 1903 నాటికి ఓటర్ల జాబితాలో మిగిలింది 3,000 లోపు. ఇంకో విచిత్రం చూడండి. ఆ రాజ్యాంగం ప్రజాభిప్రాయానికి పెడితే బ్లాక్ బెల్ట్ బయట ఓడిపోయింది. నల్లవాళ్ళే మెజారిటీగా ఉన్న బ్లాక్ బెల్ట్ కౌంటీల్లో బ్రహ్మాండంగా గెలిచింది. తమ ఓటు తీసెయ్యమని నల్లవాళ్ళే ఓటేశారని లెక్కలు రాసుకున్నారు. మాంట్‌గోమరికి చెందిన జాక్సన్ గైల్స్ అనే నల్లమనిషి దీని మీద సుప్రీంకోర్టు దాకా పోయాడు. 1903లో కోర్టు చేతులెత్తేసింది.

ఇప్పుడు నవలకు వద్దాం. 'మాకింగ్‌బర్డ్' 1960లో వచ్చింది, 1961లో పులిట్జర్ బహుమతి అందుకుంది. 1962లో సినిమా అయితే వకీలు అట్టికస్ ఫించ్ పాత్ర వేసిన గ్రెగరీ పెక్‌కు ఆస్కార్ దక్కింది. కథాకాలం 1930లు. తెల్లమ్మాయిని చెరిచాడని టామ్ రాబిన్‌సన్ మీద కేసు. చిన్నప్పుడు పత్తి జిన్నులో పడి అతని ఎడమచెయ్యి పనికిరాకుండా పోయింది. కొట్టిన దెబ్బ ఎడమచేతివాటం మనిషిదని వకీలు కోర్టులో రుజువు చేస్తాడు. అయినా జ్యూరీ శిక్ష వేస్తుంది. నిరపరాధికి శిక్ష పడిందని పాఠకుడు బాధపడతాడు. బాగానే ఉంది. కానీ జ్యూరీకి మనుషుల్ని ఎక్కణ్ణుంచి తెస్తారు? ఓటుకు అర్హత లేకుండా చేసిన పద్ధతే, అదే అధికారుల చేతుల్లో, జ్యూరీ జాబితాను కూడా తెల్లగా ఉంచింది. కాబట్టి టామ్‌కు శిక్ష పడింది 1930లలో కాదు, 1901లో. ఈ సంగతి నవల ఎక్కడా ఎత్తదు. ఆడవాళ్ళు జ్యూరీలో ఎందుకు లేరన్న చర్చ వస్తుంది, ఊళ్ళో పెద్దమనుషులు జ్యూరీ పని ఎందుకు తప్పించుకుంటారన్న చర్చా వస్తుంది. నల్లవాళ్ళు ఎందుకు లేరన్న మాట మాత్రం రాదు.

ఆ కాలంలో ఆ ప్రశ్న ఎవరికీ తట్టలేదేమో అనుకుందామా? తట్టింది. 1931లో అదే అలబామాలో తొమ్మిదిమంది నల్ల కుర్రాళ్ళను రైల్లో ఇద్దరు తెల్ల ఆడపిల్లల్ని చెరిచారన్న అబద్ధపు కేసులో పట్టుకుని స్కాట్స్‌బరోలో విచారించారు. ఎనిమిదిమందికి మరణశిక్ష వేశారు. ఆ కేసుల్లో ఒకటి సుప్రీంకోర్టుకు పోయినప్పుడు, జ్యూరీ జాబితాలో నల్లవాళ్ళ పేర్లు తర్వాత దొంగచాటుగా ఇరికించారని లాయర్లు చూపించారు. జడ్జీలు భూతద్దం పెట్టి ఆ పుస్తకం చూశారు. నల్లవాళ్ళను జ్యూరీల నుంచి వరసగా మినహాయించడం రాజ్యాంగ విరుద్ధమని 1935 ఏప్రిల్లో తీర్పిచ్చారు. నవలలో టామ్ విచారణ జరిగేది కూడా 1935 ఎండాకాలంలోనే! దేశమంతా మోగిన తీర్పు ఆ కాలపు వకీలు చెవిన పడలేదంటే ఎట్లా నమ్మేది? చట్టం తెలిసిన వకీలు జ్యూరీ మీద అభ్యంతరం లేవనెత్తడం మానేసి అదే జ్యూరీ మనస్సాక్షికి విన్నపం చేసుకుంటాడు. హక్కు అడగాల్సిన చోట దయ అడిగితే దాన్నే మన పాఠ్యపుస్తకాలు మానవతావాదం అన్నాయి.

ఇంకో తిరకాసుంది. నవలలో జాత్యహంకారం భారమంతా బాబ్ యూవెల్ అనే పేద తెల్లవాడి నెత్తిన పడుతుంది. ఊరి చెత్తకుప్ప పక్కన బతికే తాగుబోతు అతను. అతనూ దుర్మార్గుడే, కాదనను. కానీ 1901 రాజ్యాంగం రాసినవాళ్ళు చెత్తకుప్పల దగ్గర బతకలేదు. బ్లాక్ బెల్ట్ దొరలు, బర్మింగ్‌హామ్ గనుల యజమానులు కలిసి రాశారు. అదే ఓటు పన్ను తెల్ల పేదల్ని కూడా ఊడ్చేసింది. 1940ల నాటికి అలబామాలో ఓటు పోయిన తెల్లవాళ్ళు సంఖ్యలో నల్లవాళ్ళను మించిపోయారని చరిత్రకారులు తేల్చారు. ఆ దొరలు నవలలో ఎక్కడున్నారు? కనపడరు. కనపడేది మర్యాదస్తుడైన వకీలు, మర్యాద లేని పేదవాడు. ఈ పద్ధతి మనకు బాగా తెలిసిందే. గ్రామంలో దాడి జరిగితే కర్ర పట్టుకున్న చిన్నరైతు పేరు పేపర్లో వస్తుంది. కర్ర ఇప్పించినవాడు శాంతి కమిటీలో కూర్చుంటాడు.

నల్ల పాత్రల సంగతేంటి? కల్పర్నియా అనే పనిమనిషి వకీలు పిల్లల్ని పెంచుతుంది. తన పిల్లల సంగతి మనకు దాదాపు చెప్పరు. టామ్ భార్య హెలెన్ భర్త చావుకబురు వినగానే కూలిపోతుంది, అంతే. కోర్టు బాల్కనీలో నల్లవాళ్ళంతా ఓడిపోయిన వకీలు పోతుంటే గౌరవంగా లేచి నిలబడతారు. ఆ దృశ్యానికి కళ్ళనీళ్ళు పెట్టుకోని పాఠకుడు లేడంటారు. పైన నిలబడ్డ ఆ జనం ఇంటికి పోయి ఏం మాట్లాడుకున్నారో రాసుంటే అది వేరే నవల అయ్యేది.

వాళ్ళు మాట్లాడుకున్నారు, పనీ చేశారు. 1944 సెప్టెంబర్లో అలబామాలోని ఆబ్‌విల్‌లో రీసీ టేలర్ అనే నల్ల యువతి చర్చి నుంచి ఇంటికి నడిచొస్తుంటే తెల్ల యువకులు ఎత్తుకుపోయి చెరిచారు. రెండుసార్లు గ్రాండ్ జ్యూరీ కూర్చున్నా ఒక్కడి మీద కూడా నేరారోపణ చెయ్యలేదు. ఆ కేసు విచారించడానికి మాంట్‌గోమరి నుంచి ఒక నల్లజాతి సంఘం పంపిన కార్యకర్త రోసా పార్క్స్. 1955లో బస్సులో సీటు నుంచి లేవనన్నావిడే. పనిచేసి అలసిపోయిన ఒక కుట్టుపని ఆవిడ ఏదో ఒక సాయంత్రం మొండికేసిందన్నట్టు మన పాఠాల్లో రాస్తారు. పదకొండేళ్ళ ముందే ఆమె అత్యాచార కేసుల్లో సాక్ష్యాలు కూడగడుతూ తిరుగుతోంది. రీసీ టేలర్‌కు అలబామా శాసనసభ క్షమాపణ చెప్పింది 2011లో. తెల్లమ్మాయి పెట్టిన అబద్ధపు కేసు ప్రపంచమంతా చదివిన నవలయింది. నల్లమ్మాయి పెట్టిన నిజమైన కేసు అరవై ఏడేళ్ళు అటక మీద పడుంది.

2015లో హార్పర్ లీ రాసిన ఇంకో నవల 'గో సెట్ ఎ వాచ్‌మన్' అచ్చయింది. 'మాకింగ్‌బర్డ్'కు ముందు రాసిందది. అందులో అట్టికస్ తెల్లజాతి ఆధిపత్యం కోసం పెట్టుకున్న సిటిజన్స్ కౌన్సిల్ మీటింగులో కనపడతాడు. అభిమానులు గుండెలు బాదుకున్నారు. నాకు మాత్రం ఇదే నిజాయితీ గల పుస్తకమనిపిస్తుంది. టామ్ చట్టం ప్రకారం నిర్దోషి అన్న పెద్దమనిషే, టామ్ పిల్లలు తన మనవళ్ళతో ఒకే బడిలో కూర్చోకూడదని కూడా అనగలడు. రెండూ ఒకే మనిషిలో ఉంటాయి. హరిజనోద్ధరణ చూసిన మనకు ఇందులో ఆశ్చర్యపడేదేముంది?

హార్పర్ లీ సొంత ఊరు మన్రోవిల్. అక్కడి పాత కోర్టుభవనం మ్యూజియం అయింది. ఏటా ఆ నవలను నాటకంగా ఆడతారు, టూరిస్టులొస్తారు. ఆ కౌంటీకే చెందిన వాల్టర్ మెక్‌మిలియన్ అనే నల్ల కూలీ మీద 1986 నాటి ఒక హత్యకేసు మోపారు. ఆ సమయానికి అతను తన ఇంటి దగ్గర చేపల విందులో ఉన్నాడని పదులమంది నల్లవాళ్ళు చెప్పినా కోర్టు నమ్మలేదు. 1988లో జ్యూరీ యావజ్జీవం చాలంటే జడ్జి దాన్ని తోసేసి మరణశిక్ష వేశాడు. బ్రయన్ స్టీవెన్‌సన్ అనే నల్ల లాయరు పోరాడాక 1993లో విడుదలయ్యాడు. జ్యూరీ మాటను తోసేసి ఉరి వెయ్యగల ఆ అధికారాన్ని అలబామా 2017లో గానీ తీసెయ్యలేదు. నవల చదివినందువల్ల ఊరు మారుతుందనుకునేవాళ్ళకు మన్రోవిల్ కన్నా గట్టి జవాబు లేదు.

ఆ నవల చదివి లక్షలమంది తెల్లపిల్లలు జాతివివక్ష తప్పని తెలుసుకున్నారు గదా అని కొందరంటారు. నిజమే, తెలుసుకున్నారు. తెల్లవాళ్ళకు పనికొచ్చిన పుస్తకమే. మనం ఎవరి తరఫున చదువుతున్నామన్నదే ఇక్కడి పేచీ. వెలివాడ నుంచి యూనివర్సిటీకి వచ్చిన పిల్ల ఆ నవల చదివితే తనను ఎవరిలో చూసుకోవాలి? అట్టికస్ కూతురిలోనా, కల్పర్నియాలోనా? మొదటిదానిలో చూసుకోమని నవల నేర్పుతుంది. రెండోదానిలో చూసుకుందామంటే అక్కడ మాటలు లేవు.

మాటలున్న పుస్తకం ఒకటుంది. 1974లో వచ్చిన 'ఆల్ గాడ్స్ డేంజర్స్'. నెడ్ కాబ్ అనే అలబామా నల్లరైతు నోటితో చెప్పుకున్న జీవితకథ. అతనికి చదవడం, రాయడం రాదు. 1885లో టలపూసా కౌంటీలో పుట్టాడు. పండినదాంట్లో సగం దొరకిచ్చే పాలుకౌలుతో మొదలుపెట్టి, సొంతంగా కంచరగాడిదల జత కొనుక్కునే దాకా ఎదిగాడు. ఆ కౌంటీలో 1931లో కమ్యూనిస్టుల సాయంతో నల్ల పాలుకౌలు రైతులు సంఘం పెట్టుకున్నారు. ఆ ఏడే క్యాంప్ హిల్ దగ్గర రాల్ఫ్ గ్రే అనే నాయకుణ్ణి చంపారు. 1932 డిసెంబర్లో రీల్‌టౌన్ దగ్గర బాకీ కింద ఒక రైతు పశువుల్ని తోలుకుపోవడానికి షెరీఫు మనుషులొస్తే నెడ్ కాబ్ అడ్డం నిలబడ్డాడు. కాల్పులు జరిగాయి, గాయపడ్డాడు, పన్నెండేళ్ళు జైల్లో ఉన్నాడు.

టామ్ రాబిన్‌సన్ కాలమూ, నెడ్ కాబ్ కాలమూ ఒక్కటే, రాష్ట్రమూ ఒక్కటే. ఒకడు వకీలు వెనక దాక్కున్నాడు, ఒకడు పశువుల కొట్టం ముందు నిలబడ్డాడు. కాబ్ మాట్లాడేది అప్పుపుస్తకాల గురించి, ఎరువుల గురించి, పత్తి తూకంలో మోసం గురించి, ఏ దొర ఏ ఏడు ఏం లాక్కున్నాడన్న దాని గురించి. అణచివేత అంటే ఇక్కడ ఎవడిదో చెడ్డబుద్ధి కాదు, ఏటా డిసెంబర్లో తేల్చే లెక్క. మన పాలేరుతనం, జీతగాళ్ళ బతుకు చూసినవాళ్ళకు ఆ లెక్క వెంటనే అర్థమవుతుంది. ఈ పుస్తకానికి 1975లో అమెరికా జాతీయ పుస్తక బహుమతి వచ్చింది. ఆ తర్వాత మెల్లగా మరుగునపడింది.

దీన్ని కూడా కళ్ళుమూసుకుని మెచ్చుకోనవసరం లేదు. టేపులో ఎక్కించి, వరస పెట్టి, పుస్తకం చేసింది థియొడోర్ రోజెన్‌గార్టెన్ అనే తెల్ల పరిశోధకుడు. కుటుంబానికి హాని జరుగుతుందని కాబ్ పేరు మార్చి 'నేట్ షా' అన్నాడు. కారణం సబబే. కానీ కవరు మీద రచయిత పేరు పరిశోధకుడిది, చెప్పినవాడిది మారుపేరు. కాబ్ 1973లో చనిపోయాడు, పుస్తకాన్ని చూసుకోలేదు. అతను జైల్లో ఉన్న పన్నెండేళ్ళు పిల్లల్నీ సేద్యాన్నీ మోసిన భార్య తన గొంతుతో ఇందులో లేదు. పల్లెల్లో మనవాళ్ళ మౌఖిక చరిత్రలు సేకరిస్తున్న మన రీసెర్చి స్కాలర్లు ఈ మూడు సంగతులూ గుర్తుపెట్టుకోవాలి. టేపురికార్డరు ఎవరి చేతిలో ఉందన్నది చిన్న విషయం కాదు.

మూడో కథ పుస్తకంతో మొదలు కాలేదు, ఓటుతో మొదలైంది. సెల్మాకూ మాంట్‌గోమరికీ మధ్య లౌండ్స్ కౌంటీ ఉంది. 1965 మొదట్లో అక్కడ నూటికి 80 మంది నల్లవాళ్ళు. ఓటర్ల జాబితాలో ఒక్క నల్ల పేరు కూడా లేదు. భూమిలో నూటికి 90 పాళ్ళు 86 తెల్ల కుటుంబాలదని ఆనాటి లెక్క. 1965 మార్చి 7న సెల్మా వంతెన మీద ఓటు కోసం నడిచినవాళ్ళను గుర్రాలతో తొక్కించి, లాఠీలతో కొట్టిన దృశ్యం ప్రపంచమంతా చూసింది. తర్వాత మాంట్‌గోమరి దాకా నడిచిన ఊరేగింపు లౌండ్స్ మీదుగానే పోయింది. ఊరేగింపు అయిపోయాక టీవీ కెమెరాలు వెళ్ళిపోయాయి. ఎస్.ఎన్.సి.సి. అనే విద్యార్థి సంఘం నుంచి స్టోక్లీ కార్మైకేల్, అతని తోటివాళ్ళు అక్కడే ఉండిపోయారు. జాన్ హ్యూలెట్ వంటి స్థానికులు అప్పటికే కూడగట్టడం మొదలుపెట్టారు.

ఆ ఆగస్టులో ఓటుహక్కు చట్టం వచ్చింది. నల్లవాళ్ళు పేర్లు రాయించుకోవడం మొదలుపెట్టగానే దొరలు పాలుకౌలు కుటుంబాల్ని ఇళ్ళలోంచి వెళ్ళగొట్టారు. డిసెంబర్లో రోడ్డు పక్కన గుడారాలేసుకున్నారు. రాత్రిళ్ళు వాటి మీద కాల్పులు జరిగేవి. అయినా రెండేళ్ళకు పైగా ఆ గుడారాల్లోనే కాపురాలు చేశారు. 1985లో కారంచేడు వదిలి చీరాల చేరి శిబిరంలో ఉండి పోరాడినవాళ్ళకు ఆ గుడారాల అర్థం విడమరిచి చెప్పనక్కర్లేదు.

అప్పుడు అలబామాలో డెమోక్రాటిక్ పార్టీ గుర్తు తెల్ల కోడిపుంజు. దాని మీద తెల్లజాతి ఆధిపత్యం అన్న నినాదం అచ్చుగా ఉండేది. ఆ పార్టీలో చేరి టికెట్టు అడుక్కోవడం కన్నా సొంత పార్టీ పెట్టుకోవడం మేలని లౌండ్స్ జనం అనుకున్నారు. చదువు రానివాళ్ళ కోసం బ్యాలెట్ మీద గుర్తు ఉండాలన్నది అక్కడి చట్టం. వీళ్ళు ఎంచుకున్న గుర్తు నల్లచిరుత. షెరీఫు పనేంటి, పన్ను మదింపు అధికారి పనేంటి అని బొమ్మల పుస్తకాలేసి కూలీలకు నేర్పారు. 1966 నవంబర్లో నిలబెట్టినవాళ్ళంతా ఓడిపోయారు. 1970లో జాన్ హ్యూలెట్ షెరీఫుగా గెలిచాడు. తెల్ల షెరీఫును చూసి పారిపోయిన ఊళ్ళలో నల్లవాడు తుపాకీ, బ్యాడ్జీ పెట్టుకుని రెండు దశాబ్దాలు పనిచేశాడు.

ఆ చిరుతగుర్తును చూసే 1966 అక్టోబర్లో కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌లో బ్లాక్ పాంథర్ పార్టీ పెట్టారు. దాన్ని చూసి 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ పుట్టింది. అంటే మన చిరుతపులి పుట్టిల్లు అలబామా నల్లరేగడి. కానీ మనం గుర్తుపెట్టుకున్నది ఓక్లండ్ తోలుకోట్లు, తుపాకులు మాత్రమే. పత్తికూలీలు బ్యాలెట్ కాగితం మీద వేయించుకున్న గుర్తది అన్న సంగతి మర్చిపోయాం. చదువు రాని ఓటరు కోసం గుర్తు పెట్టడం మనకూ కొత్తేం కాదు. 1952 ఎన్నికల్లో అంబేద్కర్ నాయకత్వంలోని షెడ్యూల్డ్ కాస్ట్స్ ఫెడరేషన్ గుర్తు ఏనుగు. చిరుతను కవిత్వంలో పెట్టుకుని, ఏనుగును గోడరాతల్లో వదిలేసే మన విమర్శకులు ఈ రెండు జంతువులూ ఒకే పని కోసం పుట్టాయని గమనించాలి.

జ్యూరీ కుర్చీల ప్రశ్నకు జవాబు కూడా లౌండ్స్ నుంచే వచ్చింది. 1965 ఆగస్టులో హేన్‌విల్‌లో జొనాథన్ డేనియల్స్ అనే తెల్ల కార్యకర్తను కాల్చి చంపినవాణ్ణి అంతా తెల్లవాళ్ళే ఉన్న జ్యూరీ వదిలేసింది. ఆ కౌంటీ నల్లవాళ్ళు, గార్డినియా వైట్ అనే ఆవిడ పేరు ముందుపెట్టి, జ్యూరీల నుంచి నల్లవాళ్ళనూ ఆడవాళ్ళనూ మినహాయించడం మీద కేసేశారు. 1966లో ఫెడరల్ కోర్టు రెండూ చెల్లవంది. అట్టికస్ అడగని ప్రశ్నను లౌండ్స్ జనం అడిగి గెలిచారు. ఈ కేసు మీద ఎన్ని ఎం.ఫిల్. థీసిసులొచ్చాయి మన దగ్గర?

గెలుపు దగ్గర ఆపేస్తే ఇది కూడా సినిమా కథే అవుతుంది. ఓటొచ్చింది గానీ భూమి రాలేదు. 1901 రాజ్యాంగం కౌంటీలకు సొంతంగా పన్నులేసుకునే అధికారం దాదాపు లేకుండా చేసింది. ఆస్తిపన్ను మీద 1970లలో ఇంకా బిగించారు. నల్లవాళ్ళు కౌంటీ ఆఫీసులు గెలిచే నాటికి ఆఫీసుల్లో డబ్బు లేదు. మన దళిత సర్పంచి చెక్కు మీద సంతకం పెట్టే అధికారం కోసం తిప్పలు పడటం లాంటిదే ఇది.

మళ్ళీ మట్టి దగ్గరికే రావాలి. నీళ్ళు ఇంకని ఆ బంకమట్టిలో మామూలు సెప్టిక్ ట్యాంకు పనిచెయ్యదు. పనిచేసేదానికి వేల డాలర్లవుతాయి. లౌండ్స్‌లో పేదలు ఇంటి గొట్టాన్ని పెరట్లోకి వదిలేశారు. 2000 సంవత్సరం ముందు వెనకల, ట్యాంకు పెట్టుకోలేదని వాళ్ళ మీదే కేసులు పెట్టారు, అరెస్టులు చేశారు. 2017లో పరిశోధకులు 55 మందిని పరీక్షిస్తే 19 మందిలో కొంకిపురుగు ఆనవాళ్ళు దొరికాయి. ఆ కౌంటీలో పెరిగిన క్యాథరిన్ కోల్‌మన్ ఫ్లవర్స్ దీని మీద 2020లో 'వేస్ట్' అనే పుస్తకం రాసింది. కల్పర్నియా మనవరాలు రాసినట్టుంటుంది అది. ఫెడరల్ ప్రభుత్వం విచారణ జరిపి 2023 మేలో రాష్ట్రంతో ఒప్పందం చేసుకుంది. 2025 ఏప్రిల్లో ట్రంప్ ప్రభుత్వం జాతిపరమైన ప్రత్యేక సాయాలు చెల్లవంటూ దాన్ని రద్దు చేసింది. మలం మనిషి మీద పడటం వెనక కూడా ఒక రాజ్యాంగం, ఒక భూమి లెక్క, ఒక కులమో జాతో ఉంటాయని మనకు ఎవరైనా నేర్పాలా?

ఓటు కథా తెమల్లేదు. అలబామాలోని షెల్బీ కౌంటీ వేసిన కేసులోనే 2013లో సుప్రీంకోర్టు ఓటుహక్కు చట్టం నడుం విరిచింది. 2023లో అలబామా నల్ల ఓటర్లే వేసిన కేసులో, నియోజకవర్గాల గీతలు నల్ల ఓటును చీలుస్తున్నాయని అదే కోర్టు ఒప్పుకుంది. ఆ తర్వాత గీసిన కొత్త నియోజకవర్గం నుంచి 2024లో షొమారి ఫిగర్స్ అనే నల్ల అభ్యర్థి గెలిచాడు. 1901 రాజ్యాంగంలోని జాతివివక్ష మాటల్ని తీసేసి 2022లో కొత్తగా కూర్చారు. మాటలు పోయాయి, పన్నుల ముడులు చాలావరకు అట్లాగే ఉన్నాయి.

జాతీ కులమూ ఒక్కటేనని నేననడం లేదు. అక్కడ మతం బానిసకు దేవుణ్ణి ఇచ్చి కూర్చునే చోటు వేరు చేసింది. ఇక్కడ మతమే మనల్ని మెట్ల కింద పుట్టించింది. అక్కడ గీత రెండుగా చీల్చింది, ఇక్కడ మెట్లు అనేకం, మనలో మనకే మెట్లున్నాయి. ఆ తేడా తెలిసే ఫూలే 1873లో 'గులాంగిరీ'ని బానిసత్వం రద్దు కోసం నిలబడ్డ అమెరికన్లకు అంకితమిచ్చాడు, అంబేద్కర్ 1946లో డు బాయ్స్‌కు ఉత్తరం రాశాడు. పోలికను వాళ్ళు కన్నీళ్ళ కోసం వాడుకోలేదు, పనిముట్టుగా వాడుకున్నారు.

అందుకని టీచర్లను అడిగేదొకటే. 'మాకింగ్‌బర్డ్'ను సిలబస్‌లోంచి పీకెయ్యమనడం లేదు. దాని పక్కన నెడ్ కాబ్‌ను పెట్టండి, ఫ్లవర్స్‌ను పెట్టండి, 1935 జ్యూరీ తీర్పును, లౌండ్స్ బ్యాలెట్ కాగితాన్ని పెట్టండి. విద్యార్థుల చేత వకీలు గుణగణాలు రాయించడం ఆపి, ఆ కోర్టులో ఎవరెవరు కూర్చోలేకపోయారో, ఏ చట్టం వల్ల కూర్చోలేకపోయారో రాయించండి. ఆ ప్రశ్నకు జవాబు రాయడం వచ్చిన విద్యార్థి మన కోర్టుల్లో నడిచిన అట్రాసిటీ కేసుల తీర్పుల్ని కూడా చదవగలడు.